ముప్పై మంది చదివిన ఒక్క పుస్తకం

ఇరవై ఆరేళ్ళుగా నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. చెబుతున్నానంటే చెబుతున్నాను, అంతే. పిల్లలు వింటున్నారని నేనెప్పుడూ గొప్పలు పోలేదు. ఈ ఇరవై ఆరేళ్ళలో పాఠం చెప్పడం తర్వాత నేను ఎక్కువగా చేసిన పని కన్వీనరుగా ఉండడం. ఇఫ్తారు విందుకు నేనే కన్వీనరు. మైనారిటీల దినానికి నేనే. ఒక ఏడాది గజళ్ళ సాయంత్రమని పెట్టారు, దానికీ నేనే. గజల్ అంటే నాకు ఒక్క ముక్క తెలియదు మహాప్రభో అన్నా వినలేదు. కాలేజీ మొత్తానికి ముస్లిం అధ్యాపకుడు ఒక్కడే ఉంటే వాడి బతుకు ఇట్లాగే తెల్లవారుతుంది.

కాబట్టి ఈ జులైలో ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి, బల్ల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పెట్టి, "మీవాళ్ళ పుస్తకమే సార్, మీరే చూసుకోవాలి" అన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నీరసం మాత్రం వచ్చింది. ఆయన గుంటూరు వైపు మనిషి, మంచివాడు, ఏదీ చదవడు. తనిఖీ కమిటీ వస్తోంది. కాలేజీ అంతా కలిసి ఒకే పుస్తకం చదివితే మార్కులు పడతాయట. ఎవరో దాత పంపిన పార్శిల్లో ఈ పుస్తకం ఉంది. అట్ట వెనక రాసింది సగం చూసి, ఒక ముస్లిం యువకుడు చిన్నప్పటి నుంచి కష్టపడి పైకొచ్చిన కథ అని ఆయన తేల్చేసుకున్నారు. బ్యానరు కూడా అచ్చయి వచ్చింది. "ఒకే ప్రాంగణం, ఒకే పుస్తకం: ఒక ముస్లిం యువకుని విజయగాథ." పుస్తకం పేరు ఇక్కడ రాయను.

ఆ ఆదివారం జమ్మలమడుగు పోతూ బస్సులో మొదలుపెట్టాను. ఆ వారమంతా ఖాళీ పీరియడ్లలో చదువుతూ, మరుసటి ఆదివారం మళ్ళీ అదే బస్సులో ముగించాను. ఎక్కడో దూరపు రేవు పట్నంలో రొట్టెల బట్టీ నడుపుకునే ఇల్లు. వాళ్ళ పెద్దబ్బాయి ఖురాన్ ఎంత బాగా చదువుతాడంటే మసీదులో బహుమతులు ఇస్తారు. కాలేజీకి వెళ్ళాక వాడు తోటి విద్యార్థిని ప్రేమిస్తాడు. ఆ తోటి విద్యార్థి మగవాడు. తన కథ తానే రాసుకున్నాడు, ఏదీ దాచలేదు. విజయగాథా లేదు, పాడూ లేదు. ఇల్లు పోతుంది, స్నేహితుడూ పోతాడు, నమాజు మాత్రం వదలడు.

నేనూ అటువంటివాణ్ణే. ఆడవాళ్ళ మీదికి నా మనసు ఏనాడూ పోలేదు. పోయినప్పుడల్లా మగవాళ్ళ మీదికే పోయింది. యాభై మూడేళ్ళ వయసులో ఈ మాట మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను. ఇదేమీ నేరం కాదని కోర్టు చెప్పిన మర్నాడు స్టాఫ్ రూములో నాకంటే ముందు ముగ్గురు ఆ పేపరు చదివారు, చదివి క్రికెట్ పేజీకి పోయారు. నేనూ క్రికెట్ పేజీకే పోయాను.

నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. అమ్మీ, అబ్బా లేరు. తమ్ముడికి పులివెందులలో టైర్ల అంగడి ఉంది. నేను పెళ్ళి చేసుకోనందుకు వాడికి నలుగురిలో తలవంపులైందట. పదేళ్ళ కిందట నోటికొచ్చినట్లు మాట్లాడి, ఆ తర్వాత బక్రీదుకొకసారి ఫోన్ చేయడంతో సరిపెట్టాడు. నాకు మిగిలిన గడప ఒక్కటే, జమ్మలమడుగులో మా ఆపా ఇల్లు. ఆపా అంటే అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్ద, భర్త పోయి చాలా కాలమైంది, జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతుంది. ప్రతి ఆదివారం పోతాను. అన్నం పెడుతుంది, తిడుతుంది, మధ్యాహ్నం చాప వేసి పడుకోమంటుంది. వారంలో నేను మనిషిగా ఉండేది ఆ ఒక్క పూటే. ఆపాకు నా సంగతి తెలిసి ఆ తలుపు కూడా మూసుకుంటే ఆదివారం నేనెక్కడికి పోవాలి? ముప్పై ఏళ్ళుగా నా భయం ఇది ఒక్కటే. ఉద్యోగం పోతుందని కూడా ఇంత భయపడలేదు.

ఇదంతా పెట్టుకుని, ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి "సార్, ఈ పుస్తకం మనకొద్దు" అని చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. ఎందుకు వద్దో చెప్పాలి కదా. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరైనా చదివితే చూడాలనిపించింది. భయమూ ఉంది, ఆశా ఉంది. రెండూ ఉన్నవాడు చేసే పని ఎప్పుడూ తిక్కపనే అవుతుంది.

నా తిక్కపని ఇది. మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే, లేదా కొత్త ఇంట్లో దిగితే, ఖురాన్‌ఖానీ పెడతారు. ఖురాన్‌లో ముప్పై భాగాలు, సిపారాలు. వాటిని ముప్పై విడి పుస్తకాలుగా కుట్టి పెట్టెలో ఉంచుతారు. ఆడవాళ్ళంతా జంఖానా మీద చుట్టూ కూర్చుని తలా ఒకటి తీసుకుని ఎవరిది వాళ్ళు చదువుతారు. ముప్పై పూర్తయితే ఖురాన్ మొత్తం చదివినట్లే లెక్క. ఎవరైనా చదవలేక లేచిపోతే, మిగిలిన సిపారాను అందరినీ పిలిచిన మనిషే చదవాలి. ఆపా వీధిలో ఆ పెట్టె ఉండేది ఆపా ఇంట్లోనే, అందరినీ పిలిచేదీ ఆపానే. చిన్నప్పటి నుంచీ నేను చూస్తున్నదే.

ఉన్నది ఒక్క ప్రతి, పిల్లల ఇంగ్లీషు అంతంతమాత్రం. పుస్తకాన్ని ముప్పై ముక్కలు చేసి జిరాక్స్ తీయిద్దాం అనుకున్నాను. ఒక్కొక్కరికి ఎనిమిది పేజీలు. ఒకడికి రొట్టెల బట్టీ వస్తుంది, ఇంకొకడికి బడి వస్తుంది, ఒక అమ్మాయికి సముద్రం వస్తుంది. అసలు విషయం ఎవరికీ పూర్తిగా చిక్కదు. తిలా పాపం తలా పిడికెడు. కమిటీకి ఫోటోలు దొరుకుతాయి, పుస్తకమూ చదివినట్లవుతుంది, నా గుట్టూ నిలుస్తుంది. ఎంత తెలివి! ముక్కలుగా చదివితే మొత్తం చదివినట్లే అని ఏ పద్ధతి చెబుతుందో, మొత్తం దాచడానికి నేను ఆ పద్ధతినే తెచ్చుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

జిరాక్స్ అంగడాయన స్పైరల్ వేసి, ఒక్కోదాని మీద నంబరు వేసి ఇచ్చాడు. గురువారం సెమినార్ హాల్లో కుర్చీలు లేవు, ఏదో ఉద్యోగాల కంపెనీ వచ్చిందని పైకి మోసుకుపోయారు. జంఖానాలు పరిపించాను. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మధ్యలో ముప్పై పుస్తకాలు. గంటసేపు డిక్షనరీలతో, ఫోన్లతో కుస్తీ పట్టి చదివారు. తర్వాత నంబర్ల వరుసన ఎవరిది వాళ్ళు తెలుగులో చెప్పాలి. ప్రిన్సిపాల్ వచ్చి గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోటో తీయించుకుని, నిద్రకు సిద్ధమయ్యారు.

పదహారు దాకా బండి బాగానే నడిచింది. బట్టీ, తల్లి, మసీదు, పరీక్షలు. పదహారో అమ్మాయి, "సార్, ఇక్కడ ఆయనకు ఒక మంచి స్నేహితుడు దొరుకుతాడు" అని ముగించి కూర్చుంది. నేను హాయిగా తల ఊపాను.

పదిహేడో నంబరు చక్రాయపేట దగ్గరి పల్లె పిల్ల, బి.కాం. రెండో ఏడాది. నెమ్మదస్తురాలే. లేచి నిలబడి కాసేపు పేజీలు తిప్పింది.

"సార్, నాకొచ్చిన దాంట్లో వాళ్ళిద్దురూ జాబులు రాసుకుంటారు. స్నేహితులు అనింది గదా సార్ ఆ పాప. స్నేహం గాదు సార్. మా అక్క ఒకాయన్ని ఇష్టపడి ఇట్లనే రాసిండె. నేను దొంగతనంగా చదివినా, అందుకే నాకు తెలుసు. ఇది ప్రేమ సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఏంది నవ్వేది? ఉండేది ఉన్నెట్ల చెప్తాండా," అని ఆ పిల్ల అటు తిరిగి గదిమి, మళ్ళీ నా వైపు తిరిగి, "చెప్పమంటారా సార్, వద్దంటారా?" అంది.

ప్రిన్సిపాల్‌కు నిద్ర ఎగిరిపోయింది. ఆయన నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను. "చెప్పమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఇక దాపరికం ఏముంది? పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఒక్కొక్కరూ తమ ముక్కను ముందుదానికి అతికించుకుంటూ పోయారు. తల్లికి తెలియడం ఒకడు చెప్పాడు, తండ్రి గొళ్ళెం పెట్టుకోవడం ఇంకొకరు చెప్పారు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ముప్పై మందిని పోగేసి నేను దాచాలనుకున్న పుస్తకం నా కళ్ళ ముందు పేజీ పోకుండా తయారవుతోంది.

ఇరవై నాలుగో నంబరు ప్రొద్దుటూరు పిల్లవాడే, మా వాడే, ఫైనలియరు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. క్లాసులో నాకు అందరికంటే ముందు సలాం చెప్పేవాడు. వాడు లేచాడు కానీ పుస్తకం తెరవలేదు.

"నేను చెప్పను సార్. ఇంతమంది ముందర మనోళ్ళ గురించి చెప్పల్సింది ఇదేనా సార్? రేపు నన్ను క్యాంటీన్లో ఏమంటారో మీకు తెల్దా? ఇంగ దేనికీ మనం గుర్తుకు రాము, ఇట్లాటివాటికైతే వస్తాం. అదీ ఎట్ల పెట్టినారు సార్ మీరు, సిపారాలు పంచినెట్ల పంచి! మీకన్నా తెలియొద్దా?"

పుస్తకాన్ని విసిరేయలేదు వాడు. జాగ్రత్తగా జంఖానా మీద పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి పోయాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడన్న దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. క్యాంటీన్లో వాణ్ణి అనేవి అంటారు కూడా.

హాలంతా నన్నే చూస్తోంది. అప్పటికి ఆపేయొచ్చు. కరెంటు పోయిందని, బెల్లు కొట్టారని, ఏదో ఒకటి అనొచ్చు. కానీ మిగిలింది పిలిచినవాడు చదవాలి. ఎంతమంది ఆడవాళ్ళు లేచిపోయినా, ఎంత ఆలస్యమైనా, మోకాళ్ళు పట్టేసినా ఆపా మిగిలిన సిపారా పూర్తి చేయకుండా పెట్టె మూయడం నేను చూడలేదు. చెయ్యి చాపి ఇరవై నాలుగు తీసుకున్నాను.

అది రంజాన్ అధ్యాయం. అద్దె గదిలో ఒక్కడే ఉండి కథలోని కుర్రాడు రోజా ఉపవాసం విడుస్తాడు. ఎదురుగా పళ్ళెంలో మూడు ఖర్జూరాలు ఉంటాయి. ఇంట్లో అయితే తల్లి ఎవరికెన్ని పెట్టేదో గుర్తు తెచ్చుకుంటూ, మూడూ తనే తింటాడు. రెండు పేరాలు తెలుగులో చెప్పాను. మూడో పేరా దగ్గర ఆగిపోయాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగాను. ఇక కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే, ముక్కు చీదుకుంటూనే, ఎనిమిది పేజీలూ చెప్పాను. సిగ్గేసింది. పిల్లల ముందు ఏడ్చే మాస్టర్లంటే నాకు ఎప్పుడూ ఒళ్ళుమంటే. మిగిలిన ఆరుగురూ గబగబా చెప్పి ముగించారు. పదిహేడో నంబరు పిల్ల ముప్పై పుస్తకాలూ వరుసగా ఏరి, నా చేతికిచ్చి, ఏమీ అడగకుండా పోయింది.

ప్రిన్సిపాల్ తలుపు దగ్గర ఆపారు. "ఏం సార్, ముందే ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది కదా?"

"బ్యానరు ముందే అచ్చయింది కదా సార్" అన్నాను.

పాపం, ఆయన అరవలేదు. కమిటీకి ఇచ్చే రిపోర్టులో పుస్తకం పేరు రాయొద్దన్నారు. ఫోటోలు చాలన్నారు. బ్యానరు మడిచి స్టోరు రూములో పెట్టించారు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ రోజు నుంచి ఒక అడుగు దూరంగా నిలబడుతున్నారు.

ఎవరు తీశారో తెలియదు, నేను ఏడుస్తూ చదివిన వీడియో శుక్రవారం మధ్యాహ్నానికే పులివెందుల చేరింది. బక్రీదు కాకపోయినా తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏంది భాయ్ ఇది? జుమ్మా నమాజుకు పోతే నలుగురు ఫోన్లో చూపించిరి. ఉద్యోగం కోసరం చదివినావు అంటే నేను గూడా ఒప్పుకుంటా. ఏడ్సేదేంది? యాడో ఊరి గాని ఊర్లో ఎవడో తప్పుడోడు పాడైపోతే నువ్వెందుకు ఏడుస్తావు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది, చెప్పలేదు. "ఆపాకు పంపినావా?" అని మాత్రం అడిగాను.

"పంపకుండా ఎట్లుంటా?" అని పెట్టేశాడు.

ఆ ఆదివారం బస్సులో కూర్చుంటే జమ్మలమడుగు తొందరగా రాకూడదని కోరుకున్నాను. మామూలుగా గంట పట్టే దారి ఆ రోజు అరగంటలో అయిపోయినట్లుంది. ఆపా గుమ్మం దగ్గర మిషను ముందు కూర్చుని ఉంది. ఎప్పుడూ నన్ను చూడగానే చెంబుతో నీళ్ళిచ్చేది. ఆ రోజు లేవలేదు. ఇంట్లో మేము మాట్లాడుకునేది మా ఉర్దూనే కానీ, కోపం వస్తే ఆపా తెలుగులోకి దిగుతుంది. తెలుగులోనే మొదలుపెట్టింది.

"కూచో. పులివెందులోడు ఫోన్ చేసినాడు."

"ఏమన్నాడు?"

"వాడు అనేటివి వదిలెయ్. వానికి నోరుండాది, అంటాడు. నేను అడిగేదానికి చెప్పు. ఆ పుస్తకంలో పిల్లోడు ఉండాడే, నువ్వు గూడా అట్లాటోనివేనా?"

ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్న కోసం జవాబులు తయారు చేసుకుంటూనే ఉన్నాను. పుస్తకం కాలేజీ ఇచ్చిందని చెప్పొచ్చు. కథ బాగుంటే ఎవరికైనా ఏడుపొస్తుందని చెప్పొచ్చు. షుగరు పడిపోయిందని చెప్పొచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. దీన్ని ధైర్యమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. విసిగిపోయి ఉన్నాను, అంతే.

"అవునాపా" అన్నాను.

ఆపా మిషను మీదున్న జాకెట్టు గుడ్డ తీసి, మడిచి, పక్కన పెట్టింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

"మొదుటి నుంచి," అంది. ఉన్నట్టుండి గొంతు లేచింది. "మొదుటి నుంచి అయితే నన్ను యాలరా ఊర్లెంబడి తిప్పినావు? నీకు పిల్లను చూసేకి వేంపల్లె పోలేదా నేను? కడప పోలేదా? మైదుకూరు రెండు తూర్లు పోలేదా? ఆ మైదుకూరు పిల్ల వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకోని అడిగె, అన్నీ మాట్లాడుకున్నాక వద్దంటాండారు, మా పిల్లలో ఏం తక్కువ కనపడె మీకు అని. నేనేం చెప్పల్ల? నువ్వు చెప్తే గదా నాకు తెలిసేది! పిల్ల నలుపు, మావోనికి నచ్చల్యా అని చెప్పినా. ఆ పిల్ల ఆడ్నే, తలుపు పక్కనే నిలబడుకోనుండాది. వినింది రా. ఆ మాట నా నోటితో అనిపించినావు గదరా నువ్వు!"

"నాకు తెలియదాపా" అన్నాను.

"నీకెట్ల తెలుస్తాది? వద్దని చెప్పి నువ్వు బస్సెక్కితివి. పోయి చెప్పొచ్చింది నేను."

ఇన్నేళ్ళూ ఈ బరువు మోసింది నేనొక్కణ్ణే అనుకున్నాను, ఆ అనుకోవడంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. మైదుకూరులో ఒక ఇంటి తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఆమె ముఖం కూడా నేను చూడలేదు, ఫోటో చూడకుండానే వద్దన్నాను. ఇప్పుడు ఎక్కడుందో, ఎట్లా ఉందో ఆపాను అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఆపా లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడైంది. తెల్లన్నం, దాల్చా తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. తనేమీ తినలేదు. నేను తింటున్నంతసేపూ నా పళ్ళెంలోకే చూస్తూ, అయిపోతుంటే ఇంకొంచెం వేసింది. తిని చెయ్యి కడుక్కుంటే తుండుగుడ్డ అందించింది. చాప మాత్రం వేయలేదు.

"వచ్చే ఆదివారం రావద్దు," అంది.

ఇన్నేళ్ళూ భయపడింది ఇదే కదా, వచ్చింది కదా అనుకున్నాను. "సరే ఆపా" అన్నాను.

"సరే అనేది గాదు, పూర్తిగా విను. వచ్చే ఆదివారం రావద్దు. ఆ పై ఆదివారం రా."

"ఎందుకాపా?"

"ఏడ్సల్ల రా నేను. ఆ పిల్ల కోసరం ఏడ్సల్ల, నీ కోసరం ఏడ్సల్ల. నాకు దినామూ జాకెట్లు ఇచ్చేకి, తీసకపోయేకి ఆడోళ్ళు వస్తానే ఉంటారు. ఆదివారం ఒక్కటే ఖాళీ. నువ్వొచ్చి కూచుంటే నీకు వండల్ల, పెట్టల్ల. నాకు ఏడ్సేకి యాడ తీరుతాది?"

ఇవాళ ఆపా రావద్దన్న ఆదివారం. ప్రొద్దుటూరులో నా గదిలో పోయే చోటు లేక పొద్దున్నుంచి ఇది రాస్తూ కూర్చున్నాను. పన్నెండు దాటింది. ఈపాటికి నేను పోయి అన్నానికి కూర్చునే వేళ. జమ్మలమడుగులో ఆపా ఏడుస్తూ ఉంటుంది.